ఆటలమ్మను ఎరిగిన పంగలకర్ర

నేను ఒక పంగలకర్రను. దడికి ఆనించే రకం కాదు. సత్యవేణి అనే మనిషి ఒంట్లో, ఒక తెల్లకణం మీద మొలిచిన కంటికి ఆనని కర్రను. చదువుకున్నవాళ్ళు నన్ను గ్రాహకం అంటారు, రిసెప్టర్ అని కూడా అంటారు. నాకున్నవి రెండు పంగలు, వాటి కొసల్లో రెండు పట్లు. ఆ పట్టులో ఒకే ఒక్క ఆకారం ఇముడుతుంది. మిగతా లోకంతో నాకు పనిలేదు.

నా పుట్టుక చెబితే నవ్వుతారు. ఎముక లోపలి మజ్జలో నన్ను చేసిన తీరు, దర్జీ కొట్టులో మిగిలిన గుడ్డముక్కలతో బొంత కుట్టినట్టే ఉంటుంది. మూడు కుప్పల్లోంచి కుప్పకొకటి చొప్పున ముక్కలు తీసి అతికిస్తారు. అతుకు దగ్గర నాలుగు పోగులు ఎక్కువైనా తక్కువైనా అడిగే నాథుడు లేడు. మీ ఇళ్ళలో అయితే తిట్లు పడేవి గానీ, ఆ అజాగ్రత్తే అక్కడి పనితనం. అందుకే కోట్లమంది పుట్టినా నాలాంటి పట్టు ఉన్నవాళ్ళు ఏ కొద్దిమందో. ఏ రోగం వస్తుందో తెలియకముందే, దేనికో దానికి ఒకటి తగులుతుందిలే అని ఇన్ని రకాలు చేసేస్తారు. సొంత ఒంటినే పట్టుకుని వేలాడేవాళ్ళను మాత్రం మొదట్లోనే ఏరిపారేస్తారు. నేను ఆ పరీక్ష గట్టెక్కి, మెడ దగ్గరి బిళ్ళలో, అదే లింఫు గ్రంథిలో, ఊరికే కూర్చున్నాను. నా తోటివాళ్ళు చాలామంది ఎవరినీ పట్టుకోకుండానే పోయారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు.

సత్యవేణికి నాలుగేళ్ళప్పుడు, నరసాపురంలో, మే నెలలో, నా పట్టులోకి ఒక ముక్క వచ్చి సరిగ్గా కూర్చుంది. అది ఆటలమ్మ వైరస్‌ది. నా కణం రెండైంది, రెండు నాలుగయ్యాయి. వాటి పిల్లల్లో కొన్ని తమ పట్టును ఇంకాస్త సానబెట్టుకున్నాయి. కొన్ని కణాలు నా అచ్చులనే వేలకు వేలుగా రక్తంలోకి వదిలాయి. వాటిని యాంటీబాడీలంటారు. వాటిలో ఏది నేను, ఏది కాదు అని అడక్కండి. ఆకారం ఒకటే, నాకది చాలు.

ఆ వారమే సత్యవేణి మేనమామ పెళ్ళి. ఇంట్లో అమ్మవారు పోస్తే పందిరి వేయకూడదు, పోపు పెట్టకూడదు. తల్లి బుల్లెమ్మ పిల్ల వీపు మీది పొక్కులు చూసి, పౌడరు చల్లి, పొడుగుచేతుల గౌను తొడిగింది. అడిగినవాళ్ళకు చెమటకాయలని చెప్పింది. పదిహేను రోజులకు కొత్త పెళ్ళికొడుక్కి ఒళ్ళంతా పోసింది. కోడలు లలితకుమారి అడుగుపెట్టిన వేళ అలాంటిదన్నారు ఇంటిల్లిపాదీ. బుల్లెమ్మ కాదనలేదు. మనుషుల తంతే వేరు. నేను ఒక్క ముఖాన్నే గుర్తుపెట్టుకుంటాను గానీ, దాన్ని దాచిపెట్టడం నాకు రాదు.

ఇరవైరెండేళ్ళు గడిచాయి. సత్యవేణి ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. పక్కింటి పాప ఒక రోజంతా ఆమె ఒళ్ళోనే ఆడుకుంది. మర్నాడు ఆ పాపకు ఆటలమ్మ పోసింది. సత్యవేణి వెంటనే ఆటో పిలిపించింది. ఆటోలో ఆసుపత్రికి బుల్లెమ్మతోపాటు లలితకుమారి కూడా తోడొచ్చింది.

"చిన్నప్పుడు నీకు పోసిందా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

సత్యవేణి తల్లివైపు చూసింది. తల్లి మరదలివైపు చూసింది.

"లేదండి," అంది బుల్లెమ్మ.

"ఇప్పుడొస్తే నీకూ బిడ్డకూ ప్రమాదమే. ముందు రక్తపరీక్ష చేద్దాం. సాయంత్రానికి తెలుస్తుంది."

నా అచ్చులు కొన్ని గాజుగొట్టంలోకి వెళ్ళాయి. వరండాలో బల్ల మీద కూర్చుని సత్యవేణి కడుపు పట్టుకుని ఏడ్చింది. నాకు గొంతుంటే, నేనున్నానే పిచ్చిపిల్లా అని చెప్పేదాన్ని. గొంతున్నది బుల్లెమ్మకు. ఆమె రెండుసార్లు కొంగు తీసి ముఖం తుడుచుకుంది.

"ఏడవకే. నీకు పోసింది. మీ మావయ్య పెళ్ళప్పుడే. పెళ్ళి ఆగిపోద్దని నేనే దాచాను." తర్వాత మరదలివైపు తిరిగింది. "నీ అడుగు తప్పేం లేదు లలితా. మీ ఆయనకి మా పిల్ల దగ్గరే అంటుకుంది."

లలితకుమారి ఫోను తీసి, మొగుడికి కలిపి, బుల్లెమ్మ చేతిలో పెట్టింది.

"ఆ ముక్క మీ తమ్ముడితో కూడా చెప్పండి వదినా. ఆయన ఇప్పటికీ నన్నే అంటారు."

బుల్లెమ్మ చెప్పింది. ఏదీ మింగలేదు.

సాయంత్రం కాగితం చూసి డాక్టరమ్మ, "ఇదివరకే వచ్చిపోయిందమ్మా. యాంటీబాడీలు బాగానే ఉన్నాయి, భయం లేదు," అంది. సత్యవేణి మళ్ళీ ఏడ్చింది, ఈసారి హాయిగా. నాకూ గర్వంగానే అనిపించింది, దాచడమెందుకు.

ఆ తర్వాత నేను చేతులు మారాను. మాలో కొందరం తల్లికడుపులోని మాయ దాటి బిడ్డలోకి వచ్చేశాం. ఇక్కడ నన్ను మళ్ళీ అచ్చుపోసే కణం లేదు కాబట్టి రోజురోజుకూ అరుగుతున్నాను. ఇంకొన్ని నెలలకు మిగలను. ఈ పిల్ల మజ్జలో అప్పుడే కొత్త ముక్కలు అతుకుతున్నారు, ఒకదానితో ఒకటి పోలిక లేకుండా. నాకు దిగులు లేదు, చూడాల్సింది చూశాను.

పురిటి స్నానం రోజున చుట్టాలంతా పెరట్లో చేరారు. పెద్దముత్తైదువ చెంబందుకోబోతే బుల్లెమ్మ ఆపి, దాన్ని లలితకుమారి చేతికిచ్చింది.

"తొలి నీళ్ళు నువ్వే పొయ్యాలి లలితా," అంది, నలుగురికీ వినబడేలా. "నీ చెయ్యి మంచిది."