హెలెన్ విదేశీయత్వ నిరూపణం

విచారణకు వచ్చే అధికారికి కాఫీ ఇవ్వాలా, టీ ఇవ్వాలా అన్నది మన రాజ్యాంగ నిర్మాతలు తేల్చకుండా వదిలిపెట్టిన గంభీర ప్రశ్నలలో మొదటిది. ప్రాథమిక హక్కులను వారు సవివరంగా రాశారు. సముద్రంలో మన హద్దు ఎంతదాకా పోతుందో కూడా ఆలోచించారు. ఈ ఒక్క అంశాన్ని మాత్రం ఆయా గృహస్థుల అంతరాత్మకు విడిచిపెట్టారు. విశ్రాంత తెలుగు పండితులు బాలశౌరి మాస్టారు ఈ బాధ్యత బరువెరిగిన మనిషి. కనుక, కోడలి పౌరసత్వపు దరఖాస్తు జిల్లా కార్యాలయానికి చేరిన నాటి నుంచీ ఆయన వంటింట్లో కాఫీపొడి డబ్బా, టీపొడి డబ్బా రెండూ నిండుగా ఉండవలసిందే. ఏడాదిన్నర గడిచినా అధికారి రాలేదు. డబ్బాలు మాత్రం నెలనెలా నిండుతూనే ఉన్నాయి.

"రెండూ పెట్టేద్దాం, ఏది కావాలో ఆయనే తీసుకుంటాడు" అన్నది ఆయన భార్య అమలమ్మ. ఆమెకు రాజ్యాంగం పట్ల గౌరవం తక్కువ.

కోడలి పేరు హెలెన్. పుట్టింది శ్రీలంకలో, నెగొంబో అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో. మాస్టారి కొడుకు జయపాల్ కువైట్‌లో మెకానిక్‌గా ఉన్న రోజుల్లో చేతి మీద జాకీ పడి ఒక క్లినిక్కుకు వెళ్లాడు. అక్కడ కట్టు కట్టిన నర్సు ఈమె. కట్టు విప్పే నాటికి పెళ్లి మాటలు కుదిరాయి. ఇద్దరూ ఇక్కడికి వచ్చేసి తొమ్మిదేళ్లు కావస్తున్నది. జయపాల్ ఆటోనగర్‌లో లారీల కమాన్ పట్టీలు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. కాపురం కంకిపాడు అవతల, కాలువ గట్టు దిగగానే వచ్చే చర్చి వీధిలో, మాస్టారి ఇంట్లోనే.

ఆ ఇంట్లో మిగిలినవారంతా భారతీయులే. నాలుగేళ్ల మనవరాలు దీవెన సైతం ఎటువంటి దరఖాస్తూ పెట్టకుండానే భారతీయురాలు. హెలెన్ ఒక్కతే ఏటేటా ఒక కార్యాలయానికి వెళ్లి, వరుసలో నిలబడి, తాను విదేశీయురాలినని రాసిచ్చి, మరికొంత కాలం ఉండటానికి అనుమతి తెచ్చుకునేది. ఆమెను బాధపెట్టింది అది కాదు, ఎన్నికల రోజు. ఆ రోజు వీధి వీధంతా ఉతికిన బట్టలు కట్టుకుని బడికి పోయి, వేళ్ల మీద సిరా గుర్తు వేయించుకుని వచ్చేది. అంతసేపూ వాళ్ల చంటిపిల్లలందరినీ అరుగు మీద వేసుకుని ఆడించడం హెలెన్ వంతు. మూడు ఎన్నికలు అలా గడిచాయి. మూడోసారి ఆఖరి బిడ్డను ఆఖరి తల్లికి అప్పగించి వచ్చి, ఆమె మామగారి ఎదుట నిలబడింది.

"మావయ్యా, నాకూ ఓటు కావాలి. వచ్చే పంచాయతీ ఎలక్షన్లకి నేనూ పోయి వేసొస్తా."

మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "వేయిస్తాను అమ్మాయ్" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆయన పదవీ విరమణ ముగిసింది.

దరఖాస్తుకు కావలసిన పత్రాలన్నీ ఆయన జతచేశారు. ఎవరూ అడగని పదకొండు పేజీల మనవి కూడా జతచేశారు. కోడలి తెలుగు ఎంతటిదో అందులో వివరంగా ఉంది. ఆమె చేత ఆయన ఓనమాలు దిద్దించారు, పద్యాలు వల్లె వేయించారు, ఉచ్చారణలో శ్రీలంక గింజంత కూడా మిగలకుండా చెరిగి పారబోశారు. ఆదివారం చర్చి పూజలో ఆమె బైబిలు పఠనం చదువుతూ ఉంటే పౌలు గారు ఆ లేఖను కొరింథీయులకు కాక కంకిపాడు వారికే రాశారేమో అనిపించేది. కుళాయి దగ్గర బిందెల తగాదాలో ఆమె ప్రయోగించే భాష మరొక స్థాయిది. దానిని మాస్టారు నేర్పలేదు. మనవిలో ప్రస్తావించనూ లేదు.

ఇక నిరీక్షణ. ప్రతి ఉదయం జపమాల ముగించగానే ఆయన ఫోను తెరిచి దరఖాస్తు స్థితి చూసి, ఇంటిల్లిపాదికీ వినిపించేవారు.

"నిన్నా పరిశీలనలోనే ఉంది, ఇవాళా పరిశీలనలోనే ఉంది. ఎంత దీక్షగా పరిశీలిస్తున్నారో చూడండి."

"నా పెళ్లికి మా నాన్న కూడా మిమ్మల్ని ఇంతగా పరిశీలించలేదు" అనేది అమలమ్మ. "చూసుంటే బాగుండేది."

విచారణాధికారి ముందు ఇరుగుపొరుగును అడుగుతాడని బందరు జిల్లా కార్యాలయంలో ఎవరో చెప్పిన నాడు మాస్టారు వీధి పర్యటనకు బయలుదేరారు. ఇక్కడ ఆ వీధి ధర్మం ఒకటి చెప్పాలి. కొత్త మనిషి సంచి తగిలించుకుని వచ్చి ఫలానా వారు ఎటువంటివారని వాకబు చేస్తే, అతడు పెళ్లి సంబంధం కోసమైనా వచ్చి ఉండాలి, ఏదైనా చిక్కు తెచ్చైనా ఉండాలి. రెండింటికీ జవాబు ఒక్కటే: మా పిల్లే, పుట్టినప్పటి నుంచీ ఎరుగుదుము, వంక లేదు. ఈ జవాబుతో ఆ వీధిలో ఎన్నో పెళ్లిళ్లు కుదిరాయి. సగం మంది పెళ్లికొడుకుల వయసు దాని పుణ్యమా అని అయిదేళ్లు తగ్గింది.

"ఎవరొచ్చి అడిగినా హెలెన్ మన మనిషే అని గట్టిగా చెప్పండి" అన్నారు మాస్టారు.

పక్కింటి తెరేసమ్మ నొచ్చుకుంది. "అది మీరు చెప్పాలా మేస్టారూ."

ఒకటి రెండు నెలలు చూసి, ఆయన ఓపిక నశించి, అధికారి ఎందుకు రాలేదో కనుక్కునేందుకు అసలు కాగితాలున్న ఫైలు మొత్తం చంకన పెట్టుకుని ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు బస్సెక్కారు. అమలమ్మ మనవరాలిని తీసుకుని గుణదల మేరీమాత కొండకు వెళ్లింది. అధికారి ఆ రోజే వచ్చాడు.

అతడి పేరు వెంకటసుబ్బారావు. ఇటువంటి విచారణలలో ఇరవై ఆరేళ్ల అనుభవం. మోటారు సైకిలును కాలువ వంతెన దగ్గర ఇమామ్ పంక్చర్ల కొట్టు ముందు ఆపాడు.

"ఇక్కడ హెలెన్ అని ఒక విదేశీయురాలు ఉండాలి. ఇల్లెక్కడ?"

ఇమామ్ నీళ్లలో ముంచిన ట్యూబు మీద నుంచి చూపు తిప్పలేదు. "హెలెన్ విదేశీయురాలేంటండీ. బాలశౌరి మేస్టారి మేనకోడలు. దాన్నే కొడుక్కి చేసుకున్నారు."

"మేనకోడలా?"

"ఇంతున్నప్పట్నుంచీ చూస్తున్నా నేను" అంటూ ఇమామ్ తడిచేతిని నేలకు మూరెడు ఎత్తున పెట్టి చూపించాడు. అతడు హెలెన్ కన్నా రెండేళ్లు చిన్న.

"కాగితంలో శ్రీలంక అని ఉందయ్యా."

"గిట్టనోళ్లు ఎవరో రాసుంటారండీ."

తెరేసమ్మ మరింత ముందుకు పోయింది. అధికారి చేతిలో పుస్తకం కనబడగానే ఆమెకు అది చిక్కుల వ్యవహారమని అర్థమైంది. హెలెన్ ఉయ్యూరు పిల్ల అని, తల్లికి కాన్పు చేసింది తన తల్లేనని చెప్పింది. ఏ ఆస్పత్రిలో అని అడిగితే, ఆ రోజుల్లో ఉయ్యూరులో ఆస్పత్రులెక్కడివంది. అది ఉయ్యూరుకు అన్యాయం; కాని ఆమె అప్పుడు ఉయ్యూరును కాపాడే స్థితిలో లేదు.

హెలెన్ పెరటి మెట్ల మీద బూడిద వేసి చేపలు తోముతున్నది. మనిషి అలికిడికి చేతులు కడుక్కుని వచ్చింది.

"రండి, కూర్చోండి. కాఫీ తాగుతారా, టీ తాగుతారా?"

"టీ ఇవ్వండమ్మా. హెలెన్ గారెక్కడ?"

"నేనేనండీ."

అధికారి నవ్వాడు. "మీరు కాదమ్మా. శ్రీలంకావిడ."

"ఆ శ్రీలంకావిడ నేనేనండీ బాబూ. తొమ్మిదేళ్లయింది వచ్చి. మీకోసం ఏడాదిన్నర నుంచీ పాలు విరక్కుండా చూసుకుంటున్నాం, ఇప్పుడొచ్చి నేను కాదంటారేంటి."

వెంకటసుబ్బారావు తల ఒక పక్కకు వాల్చి విన్నాడు. "మీది ఉయ్యూరు పక్కన కదండీ. మా అత్తగారిదీ అటువైపే. అచ్చం ఇదే యాస."

"కాదండీ, ఇది మా మావయ్యగారి యాస."

"పాస్‌పోర్టు ఉందా?"

"ఫైలంతా మావయ్యగారి దగ్గరుందండీ. మీరింకా రాలేదేంటో కనుక్కొస్తానని బందరు పోయారు."

అధికారి దగ్గరున్నది జిరాక్సుకు జిరాక్సు. అందులోని ఫొటో లంకాద్వీపం ఆకారంలో ఒక నల్లని మచ్చగా మిగిలింది. హెలెన్ పట్టు విడవక సింహళంలో నాలుగు వాక్యాలు గడగడా మాట్లాడింది. అతడు మర్యాదగా విని, "నాలుగు ముక్కలు ఎవరైనా నేర్చుకుంటారమ్మా" అన్నాడు. టీ బాగుందని చెప్పి వెళ్లిపోయాడు.

నలభై రోజులకు ఉత్తరం వచ్చింది. సదరు చిరునామాలో విదేశీయులెవరూ నివసించడం లేదనీ, అక్కడున్న స్త్రీ స్థానికురాలనీ, ఆమె భాష నిస్సందేహంగా ఈ జిల్లాదేననీ విచారణలో తేలినది. దరఖాస్తుదారు విదేశంలోనే జన్మించినట్లు ఎరిగిన ఇద్దరు పొరుగువారి వాంగ్మూలాలతో, అసలు పత్రాలతో పదిహేను రోజుల్లో హాజరు కానిచో దరఖాస్తు మూసివేయబడును.

మాస్టారు ఆ ఉత్తరాన్ని నిలబడి చదివారు, కూర్చుని చదివారు. రెండేళ్ల శ్రమ గంగలో కలుస్తున్నదని ఆయనకు తెలియకపోలేదు. అయినా మూడో అంశం దగ్గర ఆయన వెన్ను దానంతటదే నిటారైంది. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినా ఏ పర్యవేక్షకుడూ ఆయనకు ఇటువంటి యోగ్యతాపత్రం రాసివ్వలేదు.

"నిస్సందేహంగా అని రాశారు అమలా. ప్రభుత్వం వారు రాశారు."

"ఫ్రేము కట్టించి పెట్టుకోండి. ఓటు ఉయ్యూరులో వేయిస్తారేమో కూడా అడిగి రండి."

హెలెన్ ఆ సాయంత్రం అన్నం తినలేదు. పంచాయతీ ఎన్నికలకు ఆరు నెలలు లేవు. ఓటర్ల జాబితా అంతకన్నా ముందే మూసేస్తారు.

మర్నాడు మాస్టారు వాంగ్మూలాలు రాసుకుని పొరుగువారిని అరుగు మీదికి పిలిచారు. తెరేసమ్మ కాగితం చదివించుకుని, చేతులు కొంగులో దాచుకుంది.

"పరాయిదని నేను సంతకం పెట్టను మేస్టారూ."

"అది నిజమే కదా తెరేసమ్మా."

"నిజమైతే మాత్రం, నిజాలన్నిటికీ సంతకాలు పెడుతున్నామా? నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదకొండు రోజులు సూదులేసింది. ఒళ్లు తుడిచింది. రేపు దేవుడడిగితే ఏం చెప్పను?"

"నేనూ మాట మీద నిలబడాలి కదండీ" అన్నాడు ఇమామ్, అరుగు చివర నిలబడే. "ఇంతున్నప్పట్నుంచీ చూశానని చెయ్యెట్టి మరీ చూపిచ్చా."

మాస్టారు చట్టాన్ని వ్యాఖ్యానించారు, సెక్షన్లు ఉదహరించారు, పౌరుడికీ బంధువుకూ ఉన్న భేదాన్ని సోదాహరణంగా విశదీకరించారు. వీధి శ్రద్ధగా విన్నది. ఎవరూ కలం ముట్టలేదు.

అప్పుడు హెలెన్ లోపలి నుంచి వచ్చి తెరేసమ్మకు ఒక మెట్టు కింద కూర్చుంది.

"పిన్నీ, నేను అక్కడ పుట్టానని నువ్వు రాయకపోతే, నేను ఇక్కడిదాన్నని వాళ్లు రాయరే."

తెరేసమ్మ మొహం తిప్పుకుంది.

"మీ అమ్మ కాన్పు చేసిందన్నావు. బానే ఉంది. మరి నన్ను కన్నావిడ ఏమైపోవాలి? ఆవిడకి నేనొక్కదాన్నే."

తెరేసమ్మ చేతులు కొంగులోంచి బయటికి వచ్చాయి.

"మీ అమ్మ పేరేంటే?"

తొమ్మిదేళ్లలో ఆ వీధిలో ఆ ప్రశ్న అడగటం అదే మొదలు. మన పిల్ల అనుకున్నాక తల్లి పేరు అడిగే అవసరం ఎవరికీ రాలేదు.

"మేరీ రోస్లిన్."

"అది రాయండి మేస్టారూ. నెగొంబోలో మేరీ రోస్లిన్ కడుపున పుట్టిందని రాయండి, పెడతా. పరాయిదన్న మాట నా కాగితంలో ఉండకూడదు."

మాస్టారు తన జీవితంలో మొదటిసారి ఇతరుల వాక్యాన్ని ఒక్క అక్షరం దిద్దకుండా రాసుకున్నారు. ఇమామ్ సంతకం పెడుతూ, "పొడుగు చూపిచ్చటంలో పొరబాటు పడ్డానని ఓ ముక్క కలపండి" అని కోరాడు. దానిని కూడా కలిపారు.

బందరులో పాస్‌పోర్టు చూశారు, వాంగ్మూలాలు చూశారు. పొడుగు ముక్క దగ్గర ఒక గుమాస్తా కొంచెం ఆగి, ముద్ర వేశాడు. మూడున్నర నెలలకు ప్రమాణ స్వీకారానికి పిలుపు వచ్చింది. చర్చి వీధి రెండు మ్యాజిక్ ఆటోలలో కదిలింది. జయపాల్ షెడ్డుకు ఆ రోజు తాళం వేశాడు. హెలెన్ నీలం అంచు తెల్లచీర కట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చదివింది. ఎదురుగా చదివించిన ఉద్యోగి ఒక సంయుక్తాక్షరం దగ్గర తడబడితే ఆమె తడబడలేదు. మాస్టారు గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు. తెరేసమ్మ, అధికారులందరూ ఉండగానే, "మా పిల్లే" అంది. అప్పటికి అది చట్టప్రకారం సత్యం.

జాబితా మూసేయడానికి నాలుగు రోజుల ముందు ఆమె పేరు ఎక్కింది. కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించగానే వీధి వెళ్లి చదివి వచ్చింది. మాస్టారు రెండుసార్లు వెళ్లారు. హెలెన్ దాని ఫొటో తీసి మేరీ రోస్లిన్‌కు పంపింది. పోలింగు నాడు ఏ చీర కట్టుకోవాలో, వరుసలో ఎవరి వెనుక నిలబడాలో నిర్ణయమైంది. పిల్లలను అరుగు మీద ఆడించే బాధ్యత అమలమ్మ స్వీకరించింది.

"అందరికన్నా ముందు అదే వెయ్యాలి. నేను ఆఖర్న పోతా" అంది.

నామినేషన్ల ఉపసంహరణకు గడువు ఆ గురువారం మూడు గంటలు. మూడయ్యేసరికి సర్పంచి పదవికీ, అన్ని వార్డులకూ ఒక్కొక్క నామినేషనే మిగిలింది. పంచాయతీ ఏకగ్రీవమైంది, ఆ ఊళ్లో పోలింగు లేదు.