రోమేశ్వరస్వామి

ఇదిగో, కారు కిటికీలోంచి ఫోను బయటపెట్టి పాత వంతెనలన్నీ ఫొటోలు తీసుకుంటూ పోతున్న బాబుగారూ, మిమ్మల్నే! అల్లంత దూరాన వంతెన కనబడింది గానీ, పక్కనే నిలువెత్తు మనిషంత ఉన్న నేను కనబడలేదా? ఆ కళ్ళజోడు ముక్కుకి అందం కోసమా?

నేను ఒక మైలురాయిని. ఫ్రాన్సు దేశానికి దక్షిణాన, ద్రాక్షతోటల మధ్య, రోమను చక్రవర్తులు వేయించిన పాత బాట పక్కన నా కాపురం. నన్ను చెక్కింది ఒక సిపాయి. చెక్కినంతసేపూ చక్రవర్తిని తిట్టిపోసి, చివరికి ఆయన పేరే నా పొట్టమీద పెద్ద అక్షరాలతో వేశాడు. రాజ్యం పోయాక ఒక రైతు నన్ను పీక్కుపోయి దొడ్డి గుమ్మం దగ్గర పాతాడు. వాడి మనవడు నాకు గాడిదను కట్టాడు. అది వీపు రుద్ది రుద్ది చక్రవర్తి పేరంతా చెరిపేసింది, కింద మైళ్ళ అంకె ఒక్కటే మిగిలింది. తర్వాత ఎవరో చదువుకున్నవాళ్ళొచ్చి, నేను మహా గొప్పవాణ్ణని చెప్పి మళ్ళీ రోడ్డు పక్కన నిలబెట్టారు. అప్పట్నుంచీ టూరిస్టులు నాకు వీపు ఆనించి ఫొటోలు దిగుతున్నారు. గాడిదే నయం, పళ్ళికిలించేది కాదు.

మొన్న ఒక మధ్యాహ్నం నా ముందొక కారు కీచుమని ఆగింది. నడుపుతున్న అమ్మాయి వింధ్య, ఇక్కడే ఉద్యోగం. వెనక సీట్లో కోనసీమ నుంచి వచ్చిన ఆమె మేనమామ గవర్రాజు, అత్త మంగతాయారు.

"మావయ్యా, చేతులెలా వణుకుతున్నాయో చూడు! షుగరు మాత్ర వేసుకుని పొద్దున్నుంచి ఏమీ తినలేదు. ఒక్క ముద్ద తిను."

"మీ అత్త తినందే నాకు దిగదే. అదేమో ఇవాళ కార్తీక సోమవారమని, శివుణ్ణి చూడందే పచ్చిమంచినీళ్ళు ముట్టనంటుంది."

"చూపిస్తే ముట్టనా?" అంది మంగతాయారు. "పొద్దున ఆ పాత కాలవ వంతెన దగ్గర, మన గన్నవరం అక్విడక్టుకి టిక్కెట్టు పెట్టారేవిటే అని వేళాకోళాలాడారు గానీ, గుడి మాట ఎత్తారా?"

గవర్రాజు మొహం పాలిపోయి ఉంది. నుదుటి నిండా చెమట. అంతలో అతని చూపు నా మీద పడింది. ఆ నీరసంలోనూ కళ్ళు చిలిపిగా మెరిశాయి.

"తాయారూ, దిగెహె! అదిగో స్వామి! చుట్టూ ద్రాక్షతోటలు చూడు. మన ద్రాక్షారామంలో భీమేశ్వరుడు, ఈ ద్రాక్షారామంలో రోమేశ్వరుడు!"

నాకు గుండె ఆగినంత పనైంది. నేనా? దేవుణ్ణా?

తేరుకునేలోపే ఆవిడ చెప్పులు విడిచి వచ్చేసింది. సీసాడు నీళ్ళు నా నెత్తిన పోసింది. సంచిలోంచి విభూతి తీసి మూడు గీతలు దిద్దింది. "ద్రాక్షాకే మారేడాకు అనుకో తండ్రీ" అని ఒక ఆకు పెట్టి దణ్ణం పెట్టింది. నిలువెల్లా జలదరించింది నాకు. చక్రవర్తి పేరు మోసిన రోజుల్లో కూడా ఒక్కడూ నాకు చెప్పులు విడవలేదు!

పులిహోర డబ్బా తెరిచారు. ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో గవర్రాజు ఆబగా అందుకున్నాడు. కాసేపటికి చేతుల వణుకు తగ్గింది, నోటి దురద మొదలైంది. మేనకోడల్ని కారు వెనక్కి లాక్కుపోయి, "మైలురాయికి మొక్కేసిందే మీ అత్త! ఊళ్ళో చెబితే పడీపడీ నవ్వుతారు" అని పొట్ట పట్టుకున్నాడు.

వింధ్య కంగారుగా అత్త దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అత్తా, అది శివుడు కాదు..."

"తెలుసే," అంది మంగతాయారు, డబ్బా మూత పెడుతూ. "శివుడి పొట్టమీద అంకెలుంటాయా? మన గోడగడియారంలో పన్నెండులాగే ఉంది. మీ మావయ్య పడిపోయేలా ఉన్నాడు, నేను తింటే గానీ తినడు. ఉపవాసం పోతే స్వామి ముందు చెంపలేసుకుంటాను. మనిషి పోతే? ఆయనకి మాత్రం చెప్పకు. ఊరెళ్ళి చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండాలిగా, పాపం."

గవర్రాజుని చూసి నవ్వుతున్నారా బాబుగారూ? ఆగండి. ఆవిడ ఆ మాట అనే సమయానికి, ఆవిడకి ఏ వరం ఇవ్వాలా అని నేను తీవ్రంగా ఆలోచిస్తున్నాను.