గాలి చూసే మనిషి

లాంగ్ జంప్ ఇసుక గుంటకు ఓరగా, పరుగు బాట పక్కన, జోలీన్ హాల్వర్సన్ మడతకుర్చీ వేసుకుని కూర్చుంది. ఎదురుగా మూడు కాళ్ల మీద గాలి పెట్టె. ఒళ్లో దాని మీట. మోకాళ్ల మీద ఉన్ని దుప్పటి. మే నెల వచ్చింది గానీ ఆ సంగతి అయోవా గాలికి ఇంకా ఎవరూ చెప్పలేదు. చుట్టూ దున్నిపెట్టిన మొక్కజొన్న చేలు. అడ్డం లేని చోట గాలికి ఆకలెక్కువ.

ఆమె పని చిన్నది. దూకే పిల్ల పరుగెత్తుకొస్తుంది. బాట అంచున నారింజ రంగు గుర్తు ఒకటి నిలబెట్టి ఉంటుంది. పిల్ల ఆ గుర్తు దాటగానే మీట నొక్కాలి. పెట్టె కాసేపు గాలిని విని అంకె చూపిస్తుంది. వెనక నుంచి తోసే గాలి సెకనుకు రెండు మీటర్లకు మించితే, ఎంత దూరం దూకినా గెలుపు గెలుపే గానీ రికార్డు కాదు. అసలు అంకే లేకపోయినా అంతే.

ఈ పనిలో ఒక చిక్కుంది. గాలి చూసే మనిషి దూకడం చూడకూడదు. కళ్లు ముందు గుర్తు మీద ఉండాలి, తర్వాత పెట్టె మీద. ఆ రెంటి మధ్యలో పిల్ల ఎగరడమూ పడడమూ అయిపోతాయి. ఇసుక చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

ఈ కుర్చీ ఆమెకు అప్పగించినవాడు ఓరిన్ అనే ముసలాయన. ఇప్పుడు లేడు. జోలీన్ పడుచుపిల్లగా ఉన్నప్పుడు ఇదే మైదానంలో, ఎనిమిది కాలేజీల ఆడపిల్లల పోటీల్లో, రికార్డు దూకిన రోజున కూడా గాలి పెట్టె దగ్గర ఉన్నది ఆయనే. ఒంటికంటిన ఇసుకైనా దులుపుకోకుండా ఆయన దగ్గరికి పరుగెత్తి, ఎలా ఉందని అడిగింది.

"నేను గుర్తు వంక చూస్తున్నానమ్మా. గాలి మాత్రం మంచిదే," అన్నాడు ఓరిన్.

కాలు మోపి ఎగిరే పలక దగ్గర కూర్చున్నాయన, కాలు గీత దాటిందా అని చూశాడు. టేపు పట్టుకున్నాయన ఇసుక చూశాడు. తోటి పిల్లలు అవతల బల్లెం విసిరే చోట ఉన్నారు. ఇంట్లోవాళ్లకు విత్తనాల రోజులు, ఎవరూ రాలేదు. పందొమ్మిది అడుగుల నాలుగు అంగుళాల చిల్లర దూకింది ఆ రోజు. దూకినంతసేపూ నిన్ను చూశానని చెప్పే మనిషి ఆమెకు ఈనాటి వరకూ దొరకలేదు.

తర్వాత ఆమె చదివిన నార్డాల్ కాలేజీ మూతబడింది. భవనాలు అమ్మేశారు. ఒకదానిలో ఎరువుల గోదాము పెట్టారు. అన్నదమ్ములు పొలాలు వదిలి తలో రాష్ట్రం వెళ్లారు. జోలీన్ పెళ్లి చేసుకోలేదు. బడి బస్సు నడిపి, రిటైరయి, ధాన్యం గాదెల వెనక ఉన్న చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఏటా పోటీల రోజున మైకులో రికార్డులు చదువుతారు. లాంగ్ జంప్ దగ్గరికి వచ్చేసరికి, "జోలీన్ హాల్వర్సన్, నార్డాల్," అని వినిపిస్తుంది. ఏడాదికి ఒక్కసారి. ఆ పేరూ ఆ కాలేజీ పేరూ కలిపి పలికే చోటు లోకంలో అదొక్కటే మిగిలింది.

ఇదంతా ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక.

ఆ పొద్దున డెలానీ అనే పిల్ల తనంతట తనే కుర్చీ దగ్గరికి వచ్చింది. పొడుగు కాళ్లు, ముక్కు చలికి ఎర్రబడి ఉంది. ఆ ఏడు అందరికంటే బాగా దూకుతున్నది ఆ పిల్లే.

"ఏవండీ, జోలీన్ హాల్వర్సన్ అంటే మీరేనా?"

"నేనే. ఏం?"

"అయ్యో. చచ్చిపోయి ఉంటారనుకున్నా."

"ఇంకా లేదు."

పిల్ల నాలిక కరుచుకుంది. ఇద్దరూ నవ్వారు. డెలానీ బాట పక్కనే గడ్డిలో చతికిలబడింది. తనకిదే ఆఖరి పోటీ అని, వచ్చే నెల నుంచి ఆస్పత్రిలో నర్సు పనికి వెళ్తానని, ఇక దూకడమంటూ ఉండదని చెప్పింది.

"అందుకే ఇవాళ మీ పేరు తీసేయించాలని వచ్చా. తిట్టుకోకండి."

"తీయించు. ముందు గీత దాటకుండా దూకు. నీ కాలు పలక అవతలే పడుతుందిగా."

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. కిందటేడు నువ్వు దూకినప్పుడల్లా ఎర్రజెండా లేవడం కనిపించిందిగా."

ఆఖరు ముందటి అడుగు సాగదీసి, ఆఖరుది పొట్టిగా వెయ్యమని చెప్పింది జోలీన్. కూర్చునే చేత్తో తొడ మీద తాళం వేసి చూపించింది. పిల్ల కళ్లు మూసుకుని విన్నది. లేచేటప్పుడు తన చేతిలోని వేడి కోకో కాగితపు గ్లాసు జోలీన్ చేతిలో పెట్టింది. తను తాగితే ఒళ్లు బరువెక్కుతుందట. ఆ గ్లాసు చల్లారిపోయేదాకా జోలీన్ తాగలేదు. రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది.

పోటీ మొదలయ్యాక గార్త్ వచ్చాడు. గుంట దగ్గర పెద్ద అతనే. కొలతలు రాసుకునేదీ అతనే. బడిపంతులుగా చేసి మానేసినవాడు, నోరు ఊరుకోదు. ఆమెను గాలమ్మ అంటాడు, గాలిని ఆమె మొగుడంటాడు.

"ఏం గాలమ్మా, మీ ఆయన ఇవాళ చిరాగ్గా ఉన్నట్టున్నాడే?"

"నా మాట ఎప్పుడు విన్నాడు గనక," అంది జోలీన్.

ఒక్కొక్క పిల్లా దూకింది. ప్రతి దూకుకీ గార్త్ "గాలి?" అని కేకేయడం, జోలీన్ అంకె చెప్పడం. గాలి మధ్యాహ్నానికి మెత్తబడింది. డెలానీ మొదటిది గీత దాటింది. తర్వాత మూడూ బాగానే పడ్డాయి, అయినా రికార్డుకు జానెడు దూరంలోనే ఆగాయి. ఒక్కొక్కరికి ఆరు దూకులు. దగ్గరపడే కొద్దీ జోలీన్ లోపల రెండు కోరికలు పక్కపక్కన కూర్చున్నాయి. ఈ పిల్ల దూకాలి. ఈ పిల్ల దూకకూడదు. రెండూ నిజమే. దేన్నీ లేచి పొమ్మనలేకపోయింది.

అయిదో దూకు. డెలానీ బాట మొదట్లో నిలబడి, పొద్దున నేర్చుకున్న తాళం తొడ మీద వేసుకుంది. ఒకసారి కుర్చీ వంక చూసింది. పరుగందుకుంది.

జోలీన్ కళ్లు గుర్తు మీదే ఉన్నాయి. పిల్ల గుర్తు దగ్గరికి వచ్చింది. దాటింది. ఆమె కళ్లు గుర్తు దగ్గర ఆగలేదు. పిల్ల వెంట వెళ్లాయి. ఆఖరు ముందటి అడుగు సాగింది. ఆఖరుది పొట్టిగా, పలక మీద టక్కుమని పడింది. తర్వాత పిల్ల లేచింది. ఛాతీ ముందుకు, చేతులు పైకి, మోకాళ్లు ఒక్కసారి గాలిలో నడిచినట్టు. దిగడానికి తొందరేమీ లేనట్టు ఉంది. ఇన్నేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని ఆమె విన్న చప్పుడంతా ఇదన్నమాట.

తెల్లజెండా లేచింది. టేపు పెట్టారు. గార్త్ వంగి ఒకసారి చూశాడు, మళ్లీ చూశాడు. పందొమ్మిది అడుగుల అయిదున్నర అంగుళాలు. అంగుళమంత ఎక్కువ. జట్టు పిల్లలంతా కేకలు పెడుతూ వచ్చి డెలానీని చుట్టేశారు.

"గాలి?" అన్నాడు గార్త్.

జోలీన్ ఒళ్లోకి చూసుకుంది. బొటనవేలు మీట మీదే ఉంది. నొక్కలేదు. పెట్టె మీద ఒక అంకె వెలుగుతూనే ఉంది, అంతకుముందు దూకిన పిల్లది. ఒకటీ చిల్లర. మంచి గాలి. ఆ అంకె చదివేస్తే అయిపోతుంది. ఎవరికీ తెలియదు.

"గాలి చెప్పవేం?"

"లేదు," అంది జోలీన్.

"గాలి లేదా?"

"అంకె లేదు. నేను నొక్కలేదు."

గార్త్ చేతిలోని కాగితాలు పక్కన పెట్టి దగ్గరికి వచ్చాడు. పెట్టె వంక చూశాడు, ఆమె వంక చూశాడు. గొంతు తగ్గించాడు. ముందరి దానికీ దీనికీ మధ్య ఆకు కూడా కదల్లేదని, ఆ అంకే రాసేసుకుంటానని, ఊ అంటే చాలని అన్నాడు. జోలీన్ వెలుగుతున్న ఆ అంకె వంక చూసింది. ఊ అంటే పిల్లకు రికార్డు. తన పేరుకు అదే ఆఖరి రోజు. ఊ అనకపోతే పేరు నిలుస్తుంది, కావాలనే నొక్కలేదని ఊరంతా అంటుంది. ఆమెను ఆపింది అది కూడా కాదు. ఈ కుర్చీలో కూర్చుని తను చెప్పిన ప్రతి అంకెనూ అందరూ మారు మాట లేకుండా రాసుకున్నారు. ఒక్కటి అబద్ధమైతే మిగతావి ఏమవుతాయి?

"రాయకు," అంది.

సంగతి తెలిసి డెలానీ కోచ్ రీటా విసవిసా వచ్చింది. నలుగురు వినేట్టు అరవలేదు. అరిచినా బాగుండేది.

"మీ పేరుకు మీరే కాపలా అన్నమాట."

జోలీన్ తన బొటనవేలి వంక చూసుకుంది. వేలు ఎందుకు కదల్లేదో ఆమెకే తెలియదు. చూస్తూ మైమరిచిపోయిందనుకుంటే నిజమే అనిపించింది. లోపల కూర్చున్న ఆ రెండో కోరిక వేలును పట్టుకుందేమో అనుకుంటే, అదీ కాదని ఒట్టేసి చెప్పలేకపోయింది. డెలానీ దూరంగా, నడుం మీద చేతులు వేసుకుని, ఇసుక చదును చేయడం చూస్తూ నిలబడి ఉంది. కుర్చీ వంక చూడలేదు.

ఆరో దూకుకి జోలీన్ గుర్తు వంకే చూసింది. కళ్లలో నీళ్లు నిలిచినా రెప్ప వేయలేదు. పిల్ల దాటింది, మీట నొక్కింది, పెట్టె వంక చూసింది. ఇసుక చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులోనే తెలిసిపోయింది. పొట్టిది.

"గాలి?"

అంకె చెప్పింది. మంచి గాలే.

డెలానీ పోటీ గెలిచింది. మైకులో ఆ పేరు చదివారు. తర్వాత మైకాయన, ఎవరు చెప్పారో ఏమో, గాలి అంకె లేనందున ఎనిమిది కాలేజీల కాన్ఫరెన్స్ రికార్డు అలాగే ఉంటుందని, ఆ రికార్డు నార్డాల్ కాలేజీ జోలీన్ హాల్వర్సన్‌దని, ఆమె ఇవాళ మన మధ్యే ఉన్నారని సంతోషంగా చెప్పాడు. పోటీలు చూడ్డానికి వేసిన మెట్ల మీద కూర్చున్నవాళ్లలో కొందరు చప్పట్లు కొట్టారు. చినుకుల్లా అక్కడక్కడ పడి ఆగిపోయాయి. జోలీన్ దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుంది.

పొద్దు వాలాక బస్సుల ఇంజన్లు మోగాయి. ఆమె మూడుకాళ్లు ముడుస్తుంటే వెనక అడుగుల చప్పుడైంది. డెలానీ. మెడలో పతకం, దాని మీద కోటు.

"ఒక్కటి అడుగుతా. కావాలని చేశారా?"

"తెలీదమ్మా."

పిల్ల ఆ జవాబు కోసం రాలేదు. కాసేపు బూటుతో గడ్డి గీకింది.

"మరి నొక్కకుండా ఏం చేస్తున్నారు?"

"నిన్ను చూస్తున్నా."

ఆ తర్వాత జోలీన్ అడగకుండానే చెప్పుకొచ్చింది. ఆఖరు ముందటి అడుగు ఎంత సాగిందో, పలక మీద కాలు ఎలా మోగిందో, పైన ఉన్నంతసేపూ మెడ ఎంత నిటారుగా ఉందో, దిగేటప్పుడు ఎడమ చెయ్యి ఎలా వెనక్కి వెళ్లిందో. ఒక్క రోజులో ఆమె అన్ని మాటలు మాట్లాడి చాలా ఏళ్లయింది. డెలానీ కదలకుండా విన్నది.

"నేను దూకినప్పుడు నన్ను ఇలా చూసినవాళ్లు లేరు. అందుకని చెప్తున్నా," అంది జోలీన్.

పిల్ల ముక్కు ఎగబీల్చింది. కోపం పోలేదు. కానీ వెళ్లిపోనూ లేదు, బస్సు హారన్ కొట్టేదాకా.

"బాగుందండీ. నాకు అది చాలదు," అంది. అని, కోకో గ్లాసు ఖాళీగా గడ్డిలో పడి ఉంటే వంగి తీసుకుని, చెత్త డబ్బాలో వేసి, బస్సు వైపు పరుగెత్తింది. పలక వైపు పరుగెత్తే పిల్లలా, తల తిప్పకుండా.

గార్త్ గాలి పెట్టెను వ్యానులో పెట్టించుకున్నాడు. జోలీన్ మీటను తీగతో సహా చుట్టి అతని చేతికిచ్చింది. వచ్చే ఏటికి ఇంకెవరినైనా చూసుకోమంది.

"అదేం మాట గాలమ్మా. ఎవరో ఏదో అన్నారని మానేస్తావా?"

"అందుక్కాదు. ఒకసారి చూశాక ఇక గుర్తు వంక చూడలేను."

"మరి పోటీల రోజున ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?"

"వస్తా. మెట్ల మీద కూర్చుని చూస్తా."

"ఎవరిని?" అన్నాడు గార్త్. మామూలుగానే అడిగాడు. మెట్ల మీద కూర్చునేవాళ్లకు ఎవరి పిల్ల వాళ్లకు ఉంటుంది మరి.

జోలీన్ కుర్చీ మడిచింది. గార్త్ వ్యాను తలుపు వేసి, జాగ్రత్తగా వెళ్లమని చెప్పి బయలుదేరాడు. ఆమె మడతకుర్చీని చంకలో పెట్టుకుని మెట్ల దాకా నడిచింది. అన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎక్కడ కూర్చుంటే గుంట బాగా కనిపిస్తుందో చూద్దామని మూడో వరసలో ఒక చోట కూర్చుంది. తర్వాత ఇంకొంచెం పక్కకు జరిగింది.