కోడుమూరు సోదరి ప్రశ్న

రికార్డింగ్ ఉన్న రోజు మా ఇంట్లో కుక్కరు పెట్టకూడదు. ఈల వీడియోలో వినిపిస్తుందట. అందుకని శుక్రవారాలు అన్నం గిన్నెలో వారుస్తాను. పప్పు తెల్లారకముందే ఉడికించి పెట్టుకుంటాను. మిక్సీ తిప్పను, బట్టలు ఉతకను, గాజులు తీసి అలమరలో పెడతాను. ఇంతా చేశాక దగ్గొస్తే చున్నీ నోట్లో కుక్కుకుంటాను.

మా ఆయన ఇర్ఫానుల్లా, ఆదోనిలో ఒక చిన్న మసీదుకు ఇమాం. ఉర్దూ చదవడం రాని వాళ్ళకు దీన్ సంగతులు, అంటే మా మతం చెప్పే మాటలు, తెలుగులో చెబుతానని యూట్యూబులో ఛానెల్ పెట్టాడు. ఇప్పుడు గల్ఫ్ నుంచి కూడా చూస్తారు. ఒకసారి యెమ్మిగనూరు బస్సులో ఎవరో గుర్తుపట్టి సీటిచ్చారని వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. ఆయన వెనకాల కనిపించే పచ్చ గుడ్డ కుట్టింది నేను. జుబ్బాకు ఇస్త్రీ చేసేదీ, తెలుగు మాటలు దిద్దేదీ, ఫోను పట్టుకునేదీ, వీడియో కత్తిరించి ఎక్కించేదీ నేనే. జనం పంపే ప్రశ్నలు ఆయనకు చదివి వినిపించేదీ నేనే. కానీ ఆడదాని గొంతు బయటికి పోకూడదు కాబట్టి, నేను చదివిన ముక్క తీసేసి ఆ చోట ప్రశ్నను అక్షరాల్లో పెడతాను. ప్రతి వారం కూర్చుని నన్ను నేనే తీసేసుకునే పని అన్నమాట. "మీ వెనక ఎంతమంది పనిచేస్తున్నారు మౌలానా?" అని దుబాయ్ నుంచి ఒకాయన అడిగితే, "అంతా అల్లా దయ" అన్నాడు. అల్లా దయే, నేను కాదనను. తస్లీమ్ అని ఇంట్లో ఒక మనిషి ఉందని కూడా ఒక ముక్క అని ఉంటే ఆ దయకేం తక్కువయ్యేది కాదు.

మా అమ్మ యెమ్మిగనూరులో ఒక్కతే ఉంటుంది. మగ్గాల వాళ్ళకు నూలు చుట్టి చుట్టి మమ్మల్ని పెంచింది. తమ్ముడు బెంగుళూరులో మేస్త్రీ పనికి పోయాడు. అమ్మ కళ్ళకు పొర కమ్మింది. ఆపరేషనుకు తేదీ ఇస్తే, "రంజాన్ ప్రసంగాలుండాయి, ఇప్పుడు పోతే ఎట్ల?" అన్నాడు మా ఆయన. అమ్మ వాయిదా వేసుకుంది. ఆ తర్వాతి సారి మా అత్తకు మోకాళ్ళ నొప్పులు. పోయిన నెల గంజి వార్చబోయి అమ్మ కాలిమీద పోసుకుంది. ఆ సంగతి అమ్మ నాకు చెప్పలేదు, అమ్మ పక్కింటి అరుణ చెప్పింది. ఇప్పుడు మళ్ళీ సోమవారం రమ్మన్నారు. ఆపరేషను తర్వాత కంట్లో చుక్కలు వేయాలి, పొయ్యి దగ్గరికి పోనివ్వకూడదు. దగ్గర మనిషి లేకపోతే ఈసారి ఆపరేషను చెయ్యబోమని ఆస్పత్రి వాళ్ళు చెప్పేశారు.

అడిగాను. "సూద్దాంలే" అన్నాడు. మళ్ళీ అడిగాను. "మొగుడు ఒకసారి సెప్పినాక ఊకె ఊకె అడిగేది మర్యాదేనా?" అన్నాడు. "మా అమ్మ సచ్చిపోయినాకనే నేను పుట్టింటికి పోయినా" అంది అత్త పక్కనుంచి. గొప్పగా చెప్పిందో, ఏడుపు దిగమింగుకుని చెప్పిందో తెలియలేదు. నాకు కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవాలన్నా ఒంట్లో ఓపికుండాలి కదా. గిన్నెలు తోముతూ అనుకున్నాను, ఇంట్లో అడిగితే జవాబు చెప్పని మనిషి ఛానెల్లో అడిగితే ఎవరికైనా చెబుతాడు. అయితే అక్కడే అడుగుదాం.

అరుణకు ఫోన్ చేసి నేను చెబుతుంటే, ఆమె తన నంబరు నుంచి ప్రశ్న పంపింది. కోడుమూరు నుంచి ఒక సోదరి అని పెట్టమన్నాను. అందులో ఊరి పేరొక్కటే అబద్ధం.

శుక్రవారం ఫోను స్టాండుకు పెట్టి, నేను చదివాను. "మౌలానా, మా అమ్మకు చూపు పోతోంది. కంటి ఆపరేషనుంది. నేను తప్ప చూసుకునే వాళ్ళు లేరు. మా ఇంట్లో పంపించడం లేదు. నేను పోతే గునా, పాపం అవుతుందా?" చివరి మాటలు నెమ్మదిగా చదివాను.

"గట్టిగా సదువు. ఎట్లాగూ తీసేస్తాం గదా" అన్నాడు.

మళ్ళీ చదివాను, గట్టిగా.

కెమెరా వైపు తిరగ్గానే ఆయన ముఖం మెత్తబడింది. "సోదరీ, తల్లికి సేవ చేయడం ఇబాదత్, అల్లాను ఆరాధించడమే. చూపు పోతున్న తల్లి దగ్గరికి భార్యను పంపని భర్త రేపు అల్లా ముందు జవాబు చెప్పుకోవాలి. అలాంటి భర్తలెవరైనా ఈ వీడియో చూస్తుంటే సిగ్గుపడండి. నువ్వు వెళ్ళమ్మా. నీకు ఏ గునా లేదు." కళ్ళు తుడుచుకున్నాడు. నిజం కన్నీళ్ళే. ఈయన నటిస్తే నాకు తెలుస్తుంది. అవి నిజం కన్నీళ్ళు కావడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ముఖం తెలియని కోడుమూరు ఆడమనిషి మీద ఇంత జాలి ఉన్నవాడికి, ఎదురుగా నిలబడిన దాని మీద ఎందుకు లేకపోయింది?

"ఎట్లొచ్చింది?" అన్నాడు రికార్డింగ్ ఆపాక.

"బాగొచ్చింది. మరి మా అమ్మకు సోమవారం ఆపరేషను. నేను పోయొద్దునా?"

"ఆ యమ్మ సంగతి వేరే, మన సంగతి వేరే. నువ్వు పోతే ఈ ఎడిటింగంతా ఎవరు సేస్తారు? ముందు దాన్ని ఎక్కించు. నలుగురికీ పనికొచ్చే జవాబు."

ఆదివారం పొద్దున ఆయన పిల్లలకు పాఠం చెప్పడానికి మసీదుకు పోయాక ఎక్కించాను. ఈసారి ఏ ముక్కా తీయలేదు. సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకుని ముందు గదిలోకి వచ్చేసరికి మా అత్త ఫోన్లో అదే వీడియో చూస్తోంది.

"ఇది నీ గొంతే గదా?" అంది.

"అవునత్తా."

ఫోను వైపు చూసింది, నా సంచి వైపు చూసింది. వీడియో చివరిదాకా వింది. తర్వాత, "పో. వాడొచ్చేలోపల బస్సెక్కు" అంది.

అమ్మ ఇంటికి చేరి పప్పు, అన్నం కుక్కర్లో పెట్టాను. మొదటి ఈల వస్తుండగా మా ఆయన ఫోన్ చేశాడు. మంట తగ్గించకుండానే ఎత్తాను.

"ఎవర్నడిగి పోయినావు?"

"మిమ్మల్నే అడిగినా. పొమ్మని సెప్పినారు. ఊరంతా ఇంటాండారు, మీరూ ఒకసారి మొదట్నుంచి ఇనండి."