దగ్గు లేదు

జైలు ఆసుపత్రి గదిలో కాంపౌండరు టీ తాగుతూ రిజిస్టరు నింపుతున్నాడు. నెలకోసారి ఖైదీలందరికీ ఛాతీ పరీక్ష జరగాలి. ఒక్కొక్కరినీ పిలిచి దగ్గు ఎన్నాళ్ళుగా ఉందో అడగాలి, అనుమానముంటే కళ్ళె పరీక్షకు పంపాలి. ఆయన ఎవరినీ పిలవలేదు. రెండొందల నలభై పేర్ల పక్కనా "దగ్గు లేదు" అని చకచకా రాసేశాడు.

"అప్పుడే అయిపోయిందా?" అని నవ్వాడు తలుపు దగ్గర వార్డరు.

"అడిగితే పని ఎగ్గొట్టడానికి అందరూ దగ్గుతారయ్యా!"

ఆయన చెడ్డవాడు కాడు. గాయానికి కట్టు కడితే నొప్పి తెలియనిచ్చేవాడు కాదు. ఈ పరీక్ష మాత్రం ఉత్త కాగితాల పని అనుకున్నాడు.

ఆ నెలలోనే ఒక తాపీమేస్త్రి శిక్ష పూర్తయింది. ఆరోగ్యంగా ఉన్నాడని కాగితం మీద సంతకం పెట్టి, "ఇక హాయిగా ఇంటికెళ్ళు మేస్త్రీ" అన్నాడు కాంపౌండరు. మేస్త్రి చిన్నగా దగ్గుతూ దణ్ణం పెట్టాడు.

మూడు నెలల తర్వాత మేస్త్రి భార్య ఆ కాగితం పట్టుకుని వచ్చింది.

"క్షయ అన్నారు బాబూ. ఆయన పోయి పదిరోజులైంది. ఇప్పుడు మనవడికీ సోకింది. రెండేళ్ళ పిల్లాడు. పాత పరీక్షల వివరాలుంటే తెమ్మన్నారు డాక్టరుగారు."

కాంపౌండరు తెరిచిన పాత రిజిస్టరులో మేస్త్రి పేరు పక్కనా 'దగ్గు లేదు' అనే ఉంది.

"ఆసుపత్రికి వెళ్దామని ఎంత పోరానో! 'జైలు ఆసుపత్రివాళ్ళే రాసిచ్చారే, నాకేం లేదు' అని ఈ కాగితం చూపించేవాడు. మనవణ్ణి గుండెల మీదే పడుకోబెట్టుకునేవాడు."

ఏదో ఒకటి చెప్పి పంపేయొచ్చు. ఆమెకు చదువు రాదు. కానీ ఆయన రిజిస్టరు మూసేశాడు. తల వంచుకుని అన్నాడు.

"అమ్మా, నేను చూడలేదు. చూడకుండానే రాశాను."

ఆమె చేతిలోని కాగితాన్ని చూసుకుంది.

"అడిగుంటే చెప్పేవాడు బాబూ. ఆయనకి దాచడం రాదు."

తిట్టినా బాగుండేది. ఆమె తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. కాగితం మడిచి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజే కాంపౌండరు జైలు డాక్టరమ్మకి జరిగిందంతా రాసిచ్చాడు. సస్పెన్షన్ ఉత్తర్వులు వచ్చేలోగా, ఆమె పక్కనే కూర్చుని ఖైదీలందరినీ పేరుపేరునా పిలిచి పరీక్షించాడు. మేస్త్రి ఉన్న బ్యారక్‌లోనే ఆరుగురికి జబ్బు బయటపడింది. పిల్లాడు మందులకు తేరుకుంటున్నాడని కూడా కబురొచ్చింది.

"ఆ ఆరుగురూ బతుకుతారు కదా మేడమ్?" అన్నాడు ఆశగా.

"వేళకి మందులు వేసుకుంటే బతుకుతారు. మేస్త్రీ బతికేవాడే" అంది డాక్టరమ్మ. "దగ్గొచ్చినా తనంతట తాను ఆసుపత్రికి వెళ్ళలేని మనిషయ్యా ఖైదీ. మనమే వెళ్ళి అడగాలి. కోర్టు మేస్త్రికి ఏడాదిన్నర జైలు వేసింది. జబ్బు వెయ్యలేదు. అది వేసింది మనం."