పద్నాలుగు పిలుపులు

"ఇంటర్వ్యూకి రమ్మని కబురంపి పది రోజులైంది మేడమ్. ఒక్కరూ రాలేదు. ఇవాళ పన్నెండుకి గేటు మూసేస్తాం. పద్నాలుగు పోస్టులూ ఇక బయటివాళ్లకే!"

బొబ్బిలి ఫ్యాక్టరీ ఆఫీసరు నరసింగరావు ఫోను పెట్టేశాడు. స్వర్ణ వాచీ చూసుకుంది. పదింబావు. ఆమె రాజాం కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరు. పక్క ఊరివాళ్ల చేత ఆ దరఖాస్తులు పెట్టించింది తనే.

ఒకపక్క ఖాళీలుంటాయి, ఇంకోపక్క పనిలేనివాళ్లుంటారు, మధ్యలో కబురు ఆగిపోయినా అది నిరుద్యోగమే అని క్లాసులో ఎన్నిసార్లు బోర్డు మీద గీత గీసి చెప్పిందో! ఇవాళ ఆ గీత నిజంగానే తెగింది. ఎక్కడ?

నెలకో సిమ్ము మార్చే ఊరది. అందుకే అందరూ రాజాం నెట్ సెంటర్ ఈమెయిలే ఇచ్చారు. స్వర్ణ స్కూటీ తీసి నేరుగా అక్కడికెళ్లి, సెంటర్ నడిపే ధర్మేంద్రను నిలదీసింది.

"నా తప్పేటి మేడమ్? ఆవేళే అన్నీ ప్రింటు తీసి ఆ ఊరి చర్చి సెక్రటరీకి ఇచ్చీసినాను. ఆదివారం మైకులో సదివితేనే గదా ఆ ఊర్లో ఏదైనా తెలిసేది!"

స్వర్ణ ఆ ఊరు చేరేసరికి సెక్రటరీ జ్ఞానానందం లేడు. పొద్దున్నే శ్రీకాకుళం బస్సెక్కాడట. చర్చి మెట్ల మీద అతని కొడుకు బెన్హర్ కనిపించాడు. స్వర్ణకి పాత స్టూడెంటు. డిగ్రీ అయి మూడేళ్లు ఖాళీ. అందరికంటే ముందు దరఖాస్తు పెట్టింది వాడే.

"ధర్మేంద్రగాడు అబద్దాలాడతన్నాడు మేడమ్! మా అయ్య దేవుడి పని సేసే మనిషి."

"అయితే చర్చి బీరువా తియ్యి."

ఇంట్లో మేకుకి వేలాడే తాళంచెవిని పరుగున తెచ్చాడు. పాటల పుస్తకాల అడుగున, ప్రకటనల నోటుబుక్కులో, మడత విప్పని కాగితాల కట్ట!

బెన్హర్ మొహం పాలిపోయింది.

"తర్వాత ఏడుద్దువుగాని. ముందు మైకందుకో!"

"షీబా! సంజయ్! దేవమణీ!" పేరు పేరుకీ వీధిలో ఒక తలుపు తెరుచుకుంది. పొలంలోంచి ఒకరు, కుళాయి దగ్గర బిందె వదిలేసి ఒకరు.

"ఏటర్రా, ఊరంటుకుందా?" అంటూనే గురమ్మ మనవరాలిని ఆటోలోకి తోసింది. ఆటోలు మూడు. టైము పదకొండు. ముప్పావుగంటలో చేరొచ్చు!

పద్నాలుగో పేరూ అయిపోయింది. బెన్హర్ ఆఖరి కాగితం తిరగేసి చూశాడు. వెనక ఏమీ లేదు. అతని పేరు ఎక్కడా లేదు.

స్వర్ణకి అప్పుడర్థమైంది. వాడికీ.

"ఊరందరికీ వచ్చి నాకు రానేదని తెలిసిపోతాదని..." వాడు మైకు నుంచి మొహం తిప్పుకుని గొణిగాడు.

షీబా ఆటోలోంచి తల బయటపెట్టి అరిచింది. "ఒరే బెన్హరూ, మా కాయితాలు దాసిందెవుడ్రా?"

మైకు ఇంకా పనిచేస్తూనే ఉంది. ఆపబోయిన స్వర్ణ చేతిని వాడు అడ్డుకున్నాడు.

"మా అయ్య," అన్నాడు ఊరంతా వినేలా. "జ్ఞానానందం!"