ఈసారి అక్క ఎంత ఉంది?

చిన్నది ఆస్పత్రి నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెడుతుందో లేదో, అమ్మ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి ఎదురొచ్చేది. ఒంట్లో ఎలా ఉందనీ అడిగేది కాదు, ఎండన పడి వచ్చావనీ అనేది కాదు. ఆమె అడిగేది ఒక్కటే.

“ఈసారి పెద్దది ఎంత ఉంది?”

పెద్దది అంటే చిన్నదాని అక్క. చనిపోయి ఏడాది దాటింది.

చనిపోయిన మనిషి ఎంత ఉందని అడగడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ ఇంట్లో ఆ ప్రశ్నకి నిజంగానే లెక్క ఉండేది. చిన్నదానికి కిడ్నీలు రెండూ పాడైనప్పుడు అక్క తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. సొంత అక్కదే అయినా ఒళ్ళు ఊరుకోదు. ఇది నాది కాదని దాని మీద కత్తి కడుతుంది. ఆ కోపాన్ని అణిచిపెట్టే మందులు బతికున్నంతకాలం మింగాలి. వాటితో చేతులు వణుకుతాయి, వచ్చిన ప్రతి జలుబూ జ్వరమై కూర్చుంటుంది, చివరికి కాపాడాల్సిన కిడ్నీనే అవి కొంచెం కొంచెంగా తినేస్తాయి.

ఆ మందుల అవసరమే లేకుండా చేయాలని పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ చిన్నదాన్ని అందులో చేర్చుకుంది. కిడ్నీతో పాటు, అక్క ఎముకల మూలుగలోంచి తీసిన కణాల్ని కూడా చిన్నదాని రక్తంలోకి ఎక్కించారు. అక్క కణాలూ చెల్లెలి కణాలూ ఒకే ఒంట్లో కొన్నాళ్ళు కలిసి కాపురం చేస్తే, ఆ ఒళ్ళు అక్క కిడ్నీని కూడా సొంతమనుకుంటుందని డాక్టరమ్మ ఆశ. అందుకని వెళ్ళినప్పుడల్లా రక్తం తీసి, అందులో అక్క కణాలు నూటికి ఎన్ని ఉన్నాయో చూసేవాళ్ళు.

అక్క బతికుండగా ఇంట్లో అదో పెద్ద వేళాకోళం.

“నా రక్తంలో పావువంతు నువ్వేనట. అందుకే ఈ మధ్య నా బుర్ర పనిచేయట్లేదు” అనేది చిన్నది.

“పావువంతుకే మొహంలో ఎంత కళ వచ్చిందో చూసుకో. ఇంకాస్త ఎక్కించమని అడుగు, పెళ్ళికొడుకులు క్యూ కడతారు” అనేది అక్క.

తర్వాత ఒక వాన రోజు అక్క బండి జారి లారీ కింద పడింది. దానికీ కిడ్నీ ఇచ్చినదానికీ ఏ సంబంధమూ లేదు. పరామర్శకి వచ్చినవాళ్ళందరూ ఈ మాట చిన్నదానికి విడివిడిగా చెప్పి వెళ్ళారు. అడగకుండానే అంతమంది ఎందుకు చెప్పారా అని చిన్నది చాలా రోజులు ఆలోచించింది.

ఆ తర్వాత వేళాకోళం కాస్తా అమ్మ చేతిలో వేరేదైపోయింది.

కొత్త కిడ్నీని వెనక నడుం దగ్గర పెట్టరు. ముందువైపు, పొత్తికడుపులో కుడిపక్క, చర్మానికి కాస్త లోపలే పెడతారు. చెయ్యి వేస్తే చేతికి తగులుతుంది. అమ్మ పొద్దున్నే పాలగ్లాసుతో వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, దుప్పటి మీదనుంచే అక్కడ అరచెయ్యి ఆనించేది. “లేచిందా?” అనేది. లేచావా అని కాదు. చిన్నదానికి ఒళ్ళు జలదరించేది. కానీ ఆ చెయ్యి తీయమనడానికి నోరు వచ్చేది కాదు. ఆ చెయ్యి కిందున్నది తను అడుక్కుని తెచ్చుకున్నదే కదా.

ఒక మధ్యాహ్నం చిన్నది మేడ మీద బట్టలు ఆరేస్తోంది. ఉన్నట్టుండి అమ్మ చెప్పులైనా లేకుండా, తడి చేతులతో, రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది. చిన్నదాన్ని చూసి ఠక్కున ఆగిపోయింది.

“ఏంటమ్మా?”

“ఈల వినిపించింది.”

బట్టలు ఆరేస్తూ ఈల వేయడం అక్క అలవాటు. చిన్నదానికి పుట్టి బుద్ధెరిగాక ఈల వచ్చింది లేదు. లేదనబోయి చేత్తో తడిమి చూసుకుంటే, తన పెదాలు ఇంకా గుండ్రంగా ముడుచుకునే ఉన్నాయి. అమ్మ కిందికి వెళ్ళాక ఎంత ప్రయత్నించినా ఉత్త గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇటు మందులు తగ్గుతూ వచ్చాయి. అటు అక్క అంకె కూడా తగ్గుతూ వచ్చింది. పావువంతు పదోవంతైంది. మందులు పూర్తిగా ఆపేసే నాటికి ఇంకా చిక్కిపోయింది. అమ్మ ఆస్పత్రికి వెళ్ళి డాక్టరమ్మ ముందు కూర్చుంది.

“మందు తగ్గించినప్పుడల్లా అదీ తగ్గిపోతోందమ్మా. మీరు గమనించారా?”

“గమనించాం. అది మంచిదేనండీ. ఆ కణాలు ఎప్పటికీ ఉండిపోవాల్సిన పనిలేదు. ఒకసారి పరిచయం జరిగిపోతే చాలు, తర్వాత వెళ్ళిపోయినా ఫరవాలేదు.”

“వెళ్ళిపోయినా ఫరవాలేదా!” అంది అమ్మ. మిగిలిన మందులు తిరిగి ఇచ్చేయమంటే, ఏమీ మిగల్లేదని చెప్పింది.

చిన్నది కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. అద్దాన్ని ఫ్రేముకి సరిపడా అరగదీయడం, గుండుసూది తలంత మరలు బిగించడం ఆమె పని. మందులు ఆపాక చేతి వణుకు పోయింది. షాపు ముసలాయన సంతోషపడి కష్టమైన జోళ్ళన్నీ ఆమెకే ఇచ్చేవాడు. అలాంటిది కొన్నాళ్ళకి మళ్ళీ ఒక మర వేళ్ళలోంచి జారి బల్ల కింద పడింది. ఇంకోటి పడింది. ఓ అద్దం అంచు పెచ్చు లేచిపోయింది.

“ఏమ్మాయ్, నీకే జోడు అవసరమైనట్టుందే. సగం రేటుకిస్తాలే” అన్నాడు ముసలాయన.

చిన్నది నవ్వలేదు. తన వేళ్ళ వైపే చూసుకుంటోంది. తను కదిలించకుండానే అవి కదులుతున్నాయి. ఈల గుర్తొచ్చింది. అక్క తగ్గిపోవడం లేదు, లెక్కకి దొరకకుండా లోపలికి జరుగుతోంది అనిపించింది. పెదాలైపోయాయి, ఇప్పుడు చేతులు. సాయంత్రం దాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని, “ఆగవే, మర పడిపోతుంది” అని లోలోపలే బతిమాలుకుంది.

తర్వాతి పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ తలుపు మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“నువ్వు దాచుకుని మందు వేసుకుంటున్నావా?”

“లేదండీ!”

“భయంతో వేసుకునేవాళ్ళు ఉంటారు. తిట్టను. నిజం చెప్పు. ఆపేసిన మందు నీ రక్తంలో కనిపించింది. చేతులు వణుకుతున్నాయా?”

చిన్నది చేతులు చున్నీ కింద దాచుకుంది.

“చూడమ్మాయ్, ఇలా మందు పడుతుంటే నీ ఒళ్ళు నిజంగా నేర్చుకుందో, మందుకి భయపడి ఊరుకుందో నాకెలా తెలుస్తుంది? నీ తర్వాత ఎంతమందికి మందులు ఆపాలన్నా నీలాంటివాళ్ళని చూసే కదా నేర్చుకునేది. ఇంకోసారి కనిపిస్తే నిన్ను పరిశోధనలోంచి తీసేసి, జీవితాంతం మందుల మీద పెట్టడం తప్ప నాకు దారి లేదు. ముందు ఆ కిడ్నీ ఎలా ఉందో సూదితో చిన్న ముక్క తీసి చూడాలి.” తర్వాత గొంతు కాస్త మెత్తబడింది. “ఇంకో విషయం. మీ అక్క కణాలు ఈసారి అసలు కనిపించలేదు. ఒక్కటి కూడా.”

ఆ రోజు గుమ్మంలో అమ్మ అడిగితే, “లెక్క ఇంకా రాలేదు” అని చెప్పి చిన్నది లోపలికి వెళ్ళిపోయింది. చేతులు వణికించింది అక్క కాదని తెలిసి ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఎందుకో ఏడుపొచ్చింది.

అమ్మ రోజూ ఇచ్చే పాల మీద అనుమానం వచ్చి, మర్నాడు గ్లాసు తన దగ్గరికి రాకముందే లేచి, పిల్లిలా వంటింటి దాకా వెళ్ళింది. అమ్మ గట్టు వైపు తిరిగి నిలబడి ఉంది. గొట్టం మాత్రని రెండు వేళ్ళతో విప్పి, అందులో తెల్లటి పొడిని పాలలో దులుపుతోంది. తర్వాత చెంచాతో తిప్పుతూ, జోకొడుతున్నట్టు ఏదో అంటోంది. చెవి ఒగ్గితే వినపడింది.

“ఉండవే... ఇంకొన్నాళ్ళు ఉండు... ఎక్కడికే అంత తొందర...”

“అమ్మా!”

అమ్మ తడబడలేదు సరికదా, మొండిగా గ్లాసు చేతికిచ్చింది.

“తాగు.”

“అందులో ఏముందో చూశాను.”

“చూస్తే చూశావు. ఈ మందు ఉన్నన్నాళ్ళూ అది నీలో పావువంతు ఉంది. మందు ఆపారు, నీ ఒళ్ళు దాన్ని మెడపట్టి గెంటుతోంది. నీ కోసం కడుపు కోయించుకున్న దాన్ని గెంటేస్తావే?”

“నేనా గెంటేది? నాకేమైనా తెలుస్తోందా లోపల ఏం జరుగుతోందో? మళ్ళీ ఈ మందు కనిపిస్తే నన్ను తీసేస్తామన్నారు. జన్మంతా మందులే. అవి కిడ్నీనీ తినేస్తాయి. అప్పుడు అది కూడా ఉండదు, నేనూ ఉండను. అప్పుడెవరి కడుపు మీద చెయ్యి పెడతావు?”

అమ్మ ముఖం పాలిపోయింది. అయినా అడగాల్సింది అడిగింది.

“లెక్క వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎంత?”

అబద్ధం చెప్పడం ఎంత తేలికో చిన్నదానికి ఆ క్షణంలో తెలిసింది. ఏదో ఒక చిన్న అంకె చెప్పేస్తే చాలు. అమ్మ ఆ అంకె పట్టుకుని ఇంకొన్నాళ్ళు బతుకుతుంది. రేపు మళ్ళీ పాలు కలుపుతుంది.

“సున్నా అమ్మా. నువ్వు మందు పోసినా సున్నాయే. కానీ కిడ్నీ మాత్రం చక్కగా పనిచేస్తోంది. అది వేరేవాళ్ళదన్న సంగతి నా ఒళ్ళు మర్చిపోయి ఉంటుందని డాక్టరమ్మ ఆశపడుతోంది.”

“మర్చిపోయిందా?” అంది అమ్మ. “అప్పుడేనా?”

ఆమె చివరికి పైనున్న డబ్బా దించి, అడుగున గుడ్డలో చుట్టిన మాత్రల పట్టీలు తీసి, చిన్నదాని చేతిలో పెట్టింది. పాలు తొట్టిలో ఒంపేసింది. మర్నాటి నుంచి పొద్దున్నే మంచం దగ్గరికి రావడమూ మానేసింది. చెయ్యి రాని ఆ చోటు చిన్నదానికి చల్లగా ఉండేది.

ముక్క తీసే రోజు మాత్రం, రమ్మనకుండానే వెంట వచ్చింది.

తీసిన ముక్కలో ఏ గొడవా కనపడలేదని, చిన్నది మందుల్లేకుండానే ఉండొచ్చని వారం తర్వాత తెలిసింది. ఆ కబురుకి షాపు ముసలాయన కూడా చప్పట్లు కొట్టాడు. కానీ ఆ ముక్క తీసిన రోజు సంగతి చిన్నది ఎవరికీ చెప్పలేదు.

పొత్తికడుపు మొద్దుబారడానికి ఇంజక్షన్ ఇచ్చి, తెర మీద చూసుకుంటూ సూది దింపారు. టక్కుమని చప్పుడైంది, అంతే. కదలకుండా పడుకోమన్నారు. డాక్టరమ్మ బయటికి వెళ్తుంటే తలుపు దగ్గర అమ్మ అడ్డంగా నిలబడింది.

“అమ్మా, ఒక్కసారి చూడనిస్తారా?”

డాక్టరమ్మ ఆమె ముఖం చూసి, కాదనలేక, వేలెడంత సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. నీళ్ళలాంటి మందులో దారప్పోగంత ముక్క ఒకటి తేలుతోంది. లేత గులాబీ రంగు. కొంచెం వంకర తిరిగి ఉంది. అక్క పోయిన రోజు ముఖం మీద గుడ్డ తీయనివ్వలేదు. అమ్మ ఏడాదిగా అంకెలే వింటోంది. ఇప్పుడు కళ్ళార్పకుండా, సీసాకి ముక్కు తగిలేంత దగ్గరికి వంగింది.

“నొప్పిగా ఉందా?” అంది మెల్లగా.

“లేదమ్మా” అంది చిన్నది మంచం మీదనుంచి.

“నిన్ను కాదే.”

డాక్టరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. చిన్నదానికి కోపం రాలేదు, కష్టమూ అనిపించలేదు. తల కొంచెం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, అమ్మతో పాటు తనూ ఆ సీసా వైపే చెవి ఒగ్గింది.